అయిదు దినముల విజయము, మూడేండ్ల చిక్కు

1948 సెప్టెంబరు 13వ తేదీ తెల్లవారుజామున భారత సైన్యము హైదరాబాదు సంస్థానమున ప్రవేశించెను. పడమట షోలాపూరునుండి ప్రధానదళము రాగా, తూర్పున బెజవాడనుండి మేజర్ జనరల్ రుద్ర నాయకత్వమున కదలిన దళము కోదాడ, మునగాల, సూర్యాపేటల మీదుగా నడచినది. (ఈ మునగాల యొక వింత పరగణా. చుట్టును నైజాము రాజ్యమే యైనను, తాను మాత్రము కృష్ణాజిల్లాలోనిది.) వెనుకకు తగ్గుచు నిజాము సైనికులు సూర్యాపేటకడ మూసీ వంతెనను కూల్చిరి, కాని దానికడ తుపాకులతో నిలువలేదు. వంతెన త్వరలోనే బాగుపడెను. 17వ తేదీకి నిజాము లొంగిపోయెను.

సైనికుల పని యంతటితో ముగిసెనా? రజాకార్ల విషయమున ముగిసినది. అయితే సూర్యాపేట, మిర్యాలగూడ తాలూకాల గ్రామములలో అప్పటికే మరియొక అధికారము నెలకొనియుండెను. సంఘమువారు వెట్టిని మాన్పి, దొరల భూములను పంచిపెట్టిరి. ఎర్రపహాడు దేశముఖునకు లక్షన్నర ఎకరములు గలవని పుచ్చలపల్లి సుందరయ్య వ్రాసియున్నాడు. ఆ లెక్కలో కొంత తగ్గించుకొన్నను, అట్టిచోట రెండెకరములు చేతికి వచ్చిన పాలేరునకు ఆ చెలక యెంతటిదో శ్రోతలే యూహింపగలరు.

సైన్యము వెంట, పట్నములకు పారిపోయిన దొరలును తిరిగివచ్చిరి. పంచిన భూమిని మరల కోరిరి. రక్షణకై వచ్చిన సిపాయి రైతు కంటికి దొరగారి కావలివానివలె కనబడెను. ప్రభుత్వము తప్పటడుగు వేసినది ఇచ్చటనే యని నా యభిప్రాయము. తిరుగుబాటుదారులలోను భేదము పుట్టినది: రజాకార్లు పోయిన పిమ్మట ఆయుధము వలదని రావి నారాయణరెడ్డి వాదించెను, పార్టీ వినలేదు. దళములు అడవులకు తరలినవి. పగలు పోలీసు శిబిరము, రాత్రి దళము; నడుమ రైతు నలిగెను. ఆ కాలముననే మలయాలో బ్రిటిషువారు పల్లెలను పెకలించి ముళ్లకంచెల నడుమ నిలిపిరి. గోదావరి యడవులలోని కోయగూడెములకును అట్టి తరలింపు తప్పలేదు.

సైనిక గవర్నరు జనరల్ చౌదరి కాలమున, 1949 ఆగస్టులో, జాగీరులు రద్దయ్యెను. దేశముఖుల పట్టాభూములకు మాత్రము అది తగులలేదు. 1950 నాటి కౌలుదారీ చట్టము రక్షిత కౌలుదారునకు హక్కు కల్పించెను. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వెదిరె రామచంద్రారెడ్డి వినోబాజీకి నూరెకరములు దానము చేసెను. ఆ అక్టోబరులో పార్టీ పోరాటమును విరమించెను.

పిదప వచ్చినవి మొదటి సాధారణ ఎన్నికలు. పి.డి.ఎఫ్. పక్షమున నల్లగొండనుండి లోక్‌సభకు నిలిచిన రావి నారాయణరెడ్డికి ప్రధాని నెహ్రూకంటె నెక్కువ ఓట్లు పడినవి. మూడున్నరయేండ్ల క్రిందట రుద్ర దళము నడచిపోయిన జిల్లాయే అది.