శస్త్రవైద్య శిక్షణ - డాక్టర్ అన్నా కుగ్లర్

కొత్తపట్నంలో ఒక జాలరి స్త్రీకి పేగు మెలిపడి, భరించరాని కడుపునొప్పి వచ్చిందనుకొందాం. బంధువులు ఆమెను ఒంగోలు ప్రభుత్వాస్పత్రికి చేరుస్తారు. అర్ధరాత్రివేళ ముందుగా పొట్ట తడిమి చూసేది పేరుమోసిన సర్జనుగారు కాదు. శిక్షణలో ఉన్న యువవైద్యుడో, వైద్యురాలో. ఇట్టివారిని రెసిడెంట్లంటారు. రెసిడెంటు అంటే నివాసి. పూర్వం వీరు ఆస్పత్రి ఆవరణలోనే కాపురముండి, పగలూ రాత్రీ రోగుల మధ్యనే గడిపేవారు. ఆ పేరే నిలిచిపోయింది.

శస్త్రవిద్య పుస్తకాలతో అబ్బేది కాదు. కత్తి పట్టే ముందు, కత్తి పట్టినవాని ప్రక్కన చాలాకాలం నిలబడాలి. ఈ సంగతి పాతదే అయినా, దానిని ఒక క్రమశిక్షణగా మలచినవాడు అమెరికాలోని బాల్టిమోరు నగరంలో జాన్స్ హాప్కిన్స్ ఆస్పత్రి సర్జను విలియం హాల్‌స్టెడ్. ఆ ఆస్పత్రి 1889లో ప్రారంభమైంది. జర్మనీ, ఆస్ట్రియా దేశాల ఆస్పత్రులను చూసివచ్చిన హాల్‌స్టెడ్, శిష్యులను ఏళ్ళతరబడి ఆస్పత్రిలోనే ఉంచి, బాధ్యతను మెట్టుమెట్టుగా పెంచుతూ పోయేవాడు. అడుగుమెట్టున చాలామంది ఉండేవారు. చివరిమెట్టు చేరేది ఒక్కడే. (ఆపరేషనులో రబ్బరు తొడుగులు వాడుకలోకి వచ్చిందీ ఇక్కడనే. క్రిములను చంపే మెర్క్యురిక్ క్లోరైడు ద్రావణం కరోలిన్ హాంప్టన్ అనే నర్సు చేతులను పుండుచేస్తుంటే, ఆమెకోసం హాల్‌స్టెడ్ వాటిని చేయించాడు. తరువాత ఆమెనే వివాహమాడాడు.)

ఈ పద్ధతి పుట్టటానికి ఆరేళ్ళు ముందే, 1883లో, ఇరవైయేడేళ్ళ వైద్యురాలు ఒకతె గుంటూరులో అడుగుపెట్టింది. ఆమె అన్నా సారా కుగ్లర్. అప్పటికి గుంటూరు జిల్లాయే లేదు; అది 1904లో ఏర్పడింది. కొత్తపట్నం నెల్లూరు జిల్లాలో ఉండేది. మద్రాసునుంచి బెజవాడకు రైలు లేదు. ఎద్దుబండో, బకింగ్‌హాం కాలువలో పడవో గతి. ఘోషా పాటించే ఇళ్ళలోని స్త్రీలు, ప్రాణంమీదికి వచ్చినా పురుషవైద్యునికి ఒళ్ళు చూపటానికి ఒప్పుకొనేవారు కాదు. స్త్రీ ఎవరైనా వైద్యం నేర్చి వస్తే తప్ప వారికి వైద్యం లేదన్నమాట.

అయితే స్త్రీకి నేర్పేదెవరు? కుగ్లర్ 1856లో పెన్సిల్వేనియా రాష్ట్రంలో పుట్టింది. ఫిలడెల్ఫియాలోని మహిళా వైద్యకళాశాలలో చదివి 1879లో పట్టం పొందింది. మన ఆనందీబాయి జోషీ 1886లో పట్టభద్రురాలైంది కూడా ఆ కళాశాలలోనే. చదువు దొరికినంత సులువుగా చేతిపని దొరకలేదు. 1869 నవంబరులో ఆ కళాశాల విద్యార్థినులు పెన్సిల్వేనియా ఆస్పత్రిలో శస్త్రవైద్య పాఠానికి వెళ్ళగా, మగ విద్యార్థులు కేకలు వేసి, కాగితపు ఉండలు విసిరి అవమానించారు. ఆపరేషను బల్ల దగ్గర నిలబడటానికి చోటు కావాలంటే ఇంత పడవలసివచ్చింది. స్త్రీలకు అభ్యాసం కల్పించటంకోసమే ఆ ఊళ్ళో 1861లో వేరే ఆస్పత్రిని పెట్టుకోవలసివచ్చింది.

పట్టం పొందాక కుగ్లర్ రెండేళ్ళు నారిస్‌టౌన్‌లోని మానసిక రోగుల ఆస్పత్రిలో పనిచేసింది. శస్త్రవైద్యం చేయబోయేవారికి అది చాలిన శిక్షణ కాదని వేరే చెప్పనక్కరలేదు. ఈలోగా గుంటూరులోని రోవ్ అనే మిషనరీనుంచి, ఇక్కడ వైద్యురాలి అవసరం ఎంతో ఉన్నదని ఉత్తరం వచ్చింది. లూథరన్ మిషను వారేమో ఆమెను డాక్టరుగా పంపలేదు, ఉపాధ్యాయినిగా పంపారు! ఆమె మందులపెట్టె మూయలేదు. మొదటి ఏడాదిలోనే నాలుగువందలకు పైగా రోగులను చూసింది. వైద్యురాలిగా నియామకం 1885 డిసెంబరులో గాని రాలేదు.

ఆమె రెసిడెన్సీ గుంటూరులోనే జరిగిందనవచ్చు. కాకపోతే ప్రక్కన గురువు లేడు, సందేహం వస్తే అడగటానికి పైమెట్టువారు లేరు. హాల్‌స్టెడ్ శిష్యునికి పొరపాటు దిద్దే చేయి ఒకటి ఎప్పుడూ ఉండేది. ఆమెకు ఆ చేయి లేదు. 1890లలో స్థలం సంపాదించి, ముందు మందులశాల, తరువాత ఆస్పత్రి కట్టించింది. మేరీ బేర్ అనే మరో వైద్యురాలు తోడయింది. కాలక్రమాన దూరపు ఊళ్ళనుంచీ రోగులు వచ్చారు. ఏలూరు జమీందారు రాజా మంత్రిప్రగడ భుజంగరావు, తన భార్యకు జరిగిన వైద్యానికి కృతజ్ఞతగా, రోగుల బంధువులు బసచేయటానికి ఆస్పత్రి ఎదుట సత్రం కట్టించాడు.

నలభైయేడేళ్ళపాటు సాగిన ఆ సేవ 1930 జూలై 26న ఆమె మరణంతో ముగిసింది. ఆమె పోయింది గుంటూరులోనే. ఆస్పత్రికి కుగ్లర్ పేరు నిలిచింది. పదహారేళ్ళ తరువాత, 1946లో, అదే ఊళ్ళో ప్రభుత్వ వైద్యకళాశాల వెలసింది. మిరపచేల మధ్య పుట్టిన పిల్ల శరీరశాస్త్రం చదివి, ఆపరేషను బల్ల దగ్గర గురువు ప్రక్కన నిలబడటానికి ఇక సముద్రాలు దాటవలసిన పని లేకపోయింది.