కార్న్‌వాల్ బీళ్లలో చిరుత జాడ

నల్లమలలో రేంజ్ ఆఫీసరుగా ఉన్నన్నాళ్లూ ఎవరైనా "సార్, చిరుత కనబడింది" అని పరుగున వస్తే నేను మొదట అడిగేది ఒకటే: ఏం పోయింది? మేకా, దూడా, కుక్కా? ఆ తర్వాత మెడ చూస్తాం. చిరుత పట్టిన మేకకు గొంతు దగ్గర కోరల గాట్లు లోతుగా దిగి ఉంటాయి. తోలు ఒలిస్తే లోపల నెత్తురు గడ్డకట్టి నల్లగా కనబడుతుంది. కుక్కలు పట్టిన మేకకైతే తొడలు, పొట్ట, చెవులు ఎక్కడపడితే అక్కడ చీలిపోయి ఉంటాయి. ఈ తేడా తెలిసి పంచనామా రాస్తేనే రైతుకు పరిహారం దక్కేది. ఆత్మకూరు డివిజన్‌లో చెంచు వాచర్లు నాకు నేర్పిన చదువు ఇది. డెహ్రాడూన్ అటవీ శిక్షణ పుస్తకాల్లో ఇంత బాగా లేదు.

రిటైరయ్యాక మా అమ్మాయి దగ్గరికి ఇంగ్లండు వచ్చాను. ఆ దేశానికి నైరుతి మూలన సముద్రంలోకి పొడుచుకొచ్చిన కార్న్‌వాల్‌లో ఆమె డాక్టరు. ఆ జిల్లా ఈశాన్య భాగంలో బాడ్మిన్ మూర్ అనే పెద్ద బీడు ఉంది. సుమారు 200 చదరపు కిలోమీటర్ల మేర గ్రానైటు గుట్టలు, నీరు ఊరే నేల, గడ్డి, ముళ్ల పొదలు. చెట్టు అరుదు. అన్నిటికన్నా ఎత్తైన గుట్ట బ్రౌన్ విల్లీ, 420 మీటర్లు. గొర్రెలు, ఆవులు, పొట్టి గుర్రాలు కాపరి లేకుండా మేస్తుంటాయి. ఆ బీట్లో నల్ల చిరుత తిరుగుతోందని నలభై ఏళ్లకు పైగా చెప్పుకుంటున్నారు. బీస్ట్ ఆఫ్ బాడ్మిన్ అని పేరు కూడా పెట్టారు.

మా అమ్మాయి ఇంటికి దగ్గర్లో ఒక గొర్రెల రైతు ఉన్నాడు, డెబ్బై దాటినాయన. 1980లలో ఒక సాయంత్రం రాతి గోడ పక్కన దాన్ని చూశానని చెప్పాడు. నేను అలవాటుగా ఏం పోయిందని అడిగాను. ఏమీ పోలేదు, గోడ దిగి తన దారిన వెళ్లిపోయిందన్నాడు. తోక ఎలా ఉందంటే చేత్తో గాలిలో గీసి చూపించాడు: ఒంటి పొడవుకు కొంచెం తక్కువ, కింది దాకా వేలాడి, కొన మాత్రం పైకి ఒంపు తిరిగి. ఇంటి పిల్లి నింపాదిగా నడిచేటప్పుడు తోక నిలబెడుతుంది. ఆయన గీసింది చిరుత తోక. అబద్ధం చెప్పే మనిషి అంత వివరంగా గీయలేడు. అప్పటి నుంచి ఈ కథ నన్ను వదల్లేదు. జిల్లా లైబ్రరీలో పాత పత్రికలు, ప్రభుత్వ నివేదికలు ముందేసుకుని కూర్చున్నాను.

బ్రిటన్‌లో పుట్టి పెరిగే పెద్ద పిల్లి జాతి ఏదీ ఇప్పుడు లేదు. లింక్స్ మధ్యయుగాల్లోనే అంతరించింది. అడవిపిల్లి స్కాట్లండ్ కొండల్లో ఏదో మిగిలింది. కాబట్టి అక్కడ చిరుత కనబడితే దాన్ని ఎవరో ఓడలో తెచ్చి ఉండాలి. తెచ్చినవాళ్ల చరిత్ర వెతికితే బోలెడంత దొరికింది.

రచయిత విలియం కాబెట్ తన చిన్ననాటి సంగతి ఒకటి రాసుకున్నాడు. సర్రే జిల్లా వేవర్లీ శిథిలాల దగ్గర, బోలు పడిన ఎల్మ్ చెట్టులోకి స్పానియల్ కుక్కంత పిల్లి దూరడం చూశాడట. ఇంటికొచ్చి చెబితే నమ్మలేదు, చూశానని మంకుపట్టు పడితే తన్నులు పడ్డాయి. పెద్దయ్యాక సైన్యంలో చేరి కెనడా వైపు వెళ్లినప్పుడు అక్కడి లింక్స్‌ను చూసి, నేను చూసింది ఇలాంటిదే అనుకున్నాడు. ఆయన పుట్టింది 1763లో, అంటే ఇలాంటి సాక్ష్యానికి రెండున్నర శతాబ్దాల వయసుంది.

1816 అక్టోబర్ 20 రాత్రి సాల్స్‌బరీ పట్టణం దగ్గర లండన్ వెళ్లే టపా బండి ఒక సత్రం ముందు ఆగబోతుంటే చీకట్లోంచి ఆడసింహం వచ్చి ముందు గుర్రం మీద పడింది. ప్రయాణికులు సత్రంలోకి పరుగెత్తి తలుపులు బిగించుకున్నారు. సంచార జంతు ప్రదర్శనవాళ్ల దగ్గర తప్పించుకున్న సింహం అది. వాళ్లే వచ్చి, ధాన్యపు కొట్టు కింద దూరిన దాన్ని పట్టుకుపోయారు. గాయపడిన గుర్రాన్ని కూడా యజమాని ప్రదర్శనలో పెట్టాడు. ఆ రోజుల్లో అడవి జంతువంటే అంత గిరాకీ.

లండన్ రేవు పక్కన చార్లెస్ జామ్రాక్ కొట్టు ఉండేది. ఓడ దిగిన జంతువు ఏదైనా అక్కడ బేరానికి దొరికేది. 1857లో కొత్తగా దిగిన బెంగాల్ పులి ఒకటి పెట్టె బద్దలుకొట్టుకుని వీధిలోకి వచ్చి ఒక చిన్న పిల్లవాణ్ణి నోట కరుచుకుంది. జామ్రాక్ స్వయంగా దాని మీదకు ఉరికి పిల్లవాణ్ణి విడిపించాడు. తర్వాత ఆ పులిని ఒక సంచార జంతు ప్రదర్శన మేళం కొనుక్కుని, పిల్లవాణ్ణి పట్టిన పులి అని ఊరూరా చూపించింది. లండన్‌లో టొబాకో డాక్ దగ్గర పులి, పిల్లవాడు ఎదురెదురుగా నిలబడ్డ కంచు విగ్రహం ఇప్పటికీ ఉంది.

1903 ప్రాంతంలో డెవన్ జిల్లాలో రెండు కుక్కల్ని చంపి తుపాకికి బలైన జంతువు ఒకటి బ్రిస్టల్ మ్యూజియంకు చేరింది. మళ్లీ పరీక్షించి అది కెనడా లింక్స్ అని 2013లో ప్రకటించారు. పళ్ల మీద పేరుకున్న గార చూసి చాలాకాలం బోనులో బతికిందని తేల్చారు. ఎవరి బోనులోంచో బయటపడిన పిల్లి అది. నూరేళ్లకు పైగా బీరువాలో ఉండి సాక్ష్యం చెప్పింది.

అసలు జోరు 1960లలో మొదలైంది. చిరుతను, సింహప్పిల్లను ఇంట్లో పెంచుకోవడం అప్పటి కులాసా జీవుల సరదా. లైసెన్సు అక్కర్లేదు, డబ్బుంటే చాలు. 1969లో ఇద్దరు ఆస్ట్రేలియా కుర్రాళ్లు లండన్‌లోని హారడ్స్ దుకాణంలో సింహప్పిల్లను కొన్నారు. క్రిస్టియన్ అని పేరు పెట్టి చెల్సీలో ఫర్నిచర్ కొట్టులో పెంచారు. అది పెద్దదయ్యాక కెన్యాలో సింహాల సంరక్షకుడు జార్జ్ ఆడమ్సన్‌కు అప్పగించారు. దానిది అదృష్టం. మిగతా వాటికి ఆడమ్సన్ ఎక్కడ దొరుకుతాడు?

సరిగ్గా ఆ కాలంలోనే సర్రే జిల్లాలో ప్యూమా అనే అమెరికా ఖండపు పెద్ద పిల్లి తిరుగుతోందని గోల మొదలైంది. గొడాల్మింగ్ పోలీస్ స్టేషన్‌లో దానికోసమే పుస్తకం పెట్టారు. 1964 సెప్టెంబర్ నుంచి 1966 ఆగస్టు దాకా అందులో 362 ఫిర్యాదులు ఎక్కాయి. రెండేళ్లలో అన్ని! ఒక్క ప్యూమా నిజంగా ఉన్నా అంతమందికి కనబడదు. పేపర్లో చదివినవాడికి పొదలో కదిలే ప్రతి నక్కా ప్యూమాయే. మా దగ్గరా పులి తిరుగుతోందని దండోరా వేస్తే ఆ వారమంతా హైనా కూడా పులే అయ్యేది.

1976లో ప్రమాదకరమైన అడవి జంతువుల చట్టం వచ్చింది. స్థానిక కౌన్సిల్ లైసెన్సు, గట్టి బోను, బీమా తప్పనిసరయ్యాయి. కొందరు జూలకు ఇచ్చారు, కొందరు చంపించారు. ఇంకొందరు రాత్రిపూట కారులో తీసుకెళ్లి బీట్లో వదిలేశారు. అలా వదిలినట్టు ఒక సర్కసు మనిషి 2000లో బహిరంగంగా ఒప్పుకున్నాడు. 1980లో స్కాట్లండ్‌లో కానిచ్ అనే ఊరి రైతు టెడ్ నోబుల్ బోను పెడితే నిజంగానే ఆడ ప్యూమా పడింది. ఫెలిసిటీ అన్నారు దాన్ని. తీరా చూస్తే సాధు జంతువు, మనిషి చెయ్యి వేసి నిమిరితే మురిసిపోయేది. 1985లో చనిపోయింది. గడ్డి కూరిన దాని బొమ్మ ఇన్వర్నెస్ మ్యూజియంలో ఉంది. జీవితమంతా మనుషుల చేతి కూడు తిన్న జంతువును చలికొండల్లో వదిలిన మనిషిని తలుచుకుంటే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

1983లో డెవన్‌లోని సౌత్ మోల్టన్ దగ్గర రైతు ఎరిక్ లే మూడు నెలల్లో నూరుకు పైగా గొర్రెలు పోయాయన్నాడు. ఎక్స్‌మూర్ మృగం అని పేపర్లు హోరెత్తాయి. రాయల్ మెరీన్స్ దళం గురికాళ్లు వచ్చి పొదల్లో కాపు కాశారు. ఏదీ చిక్కలేదు.

ఇక బాడ్మిన్ సంగతి. గొర్రెలు చచ్చిపోతున్నాయని రైతులు మొరపెట్టుకుంటే నార్త్ కార్న్‌వాల్ పార్లమెంటు సభ్యుడు పాల్ టైలర్ ప్రభుత్వాన్ని నిలదీశాడు. 1995లో వ్యవసాయ మంత్రిత్వ శాఖ ఇద్దరు నిపుణుల్ని పంపింది. వాళ్ల పని చదువుతుంటే నా సాటి ఉద్యోగుల పని చదివినట్టే ఉంది. అప్పటికే ప్రచారంలో ఉన్న ఫొటోలు, వీడియోలు తీసుకుని, అవి తీసిన చోటికే వెళ్లారు. జంతువు నిలబడిన గోడ మీద, గేటు పక్కన కొలతల కర్ర నిలబెట్టి, మొదటి కెమెరా ఉన్న చోటి నుంచే మళ్లీ ఫొటో తీశారు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే టీవీలో భయపెట్టిన నల్ల చిరుత భుజం ఎత్తు ఒక అడుగు. చిరుతకైతే దాదాపు రెండడుగులు ఉండాలి. దగ్గర నుంచి తీసిన ఇంటి పిల్లి, వెనక కొలవడానికి ఏమీ లేని బీడు: ఆ నేల మీద కన్ను అలాగే మోసపోతుంది. పాదముద్రల అచ్చులు కూడా పిల్లివి, కుక్కవి అని తేలాయి. ఆరు నెలల్లో పశువుల మీద దాడి అంటూ వచ్చిన ఫిర్యాదులు నాలుగే.

జులైలో నివేదిక వచ్చింది. బాడ్మిన్ మూర్‌లో పెద్ద పిల్లి ఉందనడానికి నిర్ధారించదగ్గ ఆధారం లేదు, లేదని రుజువు చెయ్యడమూ సాధ్యం కాదు అని రాశారు. నిజాయితీగా రాసిన మాట. ఆ రెండో సగం పట్టుకుని పేపర్లు మళ్లీ మొదలెట్టాయి.

వారం తిరక్కుండానే ఫోయ్ నదిలో 14 ఏళ్ల కుర్రాడికి పుర్రె ఒకటి దొరికింది. కింది దవడ లేదు, పైన రెండు పెద్ద కోరలు. దేశమంతా ఉలిక్కిపడింది. లండన్‌లోని నేచురల్ హిస్టరీ మ్యూజియం వాళ్లు పరీక్షించి, చిరుతదే, వయసులో ఉన్న మగది అన్నారు. అయితే పుర్రె వెనక భాగం శుభ్రంగా కోసేసి ఉంది. ఎముక మీద మాంసం గీకిన కత్తి గీతలున్నాయి. లోపలి బోలులో బొద్దింక గుడ్ల తిత్తి ఒకటి అంటుకుని ఉంది. బ్రిటన్ చలికి బతకని ఉష్ణదేశపు బొద్దింక. అంటే ఆ చిరుత ఇంగ్లండు గడ్డ తొక్కనే లేదు. ఎక్కడో వేడి దేశంలో చచ్చి, తలతో సహా నేల మీద పరిచే తోలుగా తయారై ఓడెక్కింది.

ఈ గుడ్ల తిత్తి దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. తల అలాగే ఉంచి, నోరు తెరిపించి, గాజు కళ్లు పెట్టిన తోళ్లు మన దేశం నుంచి ఎన్ని వెళ్లాయో! మైసూరులో వాన్ ఇంగెన్ కుటుంబం 1999 దాకా ఆ పని చేసింది. తెల్లదొరల ప్రభుత్వం చిరుతకింత, పులికింత అని బహుమానం ఇచ్చేది. 1875 నుంచి 1925 దాకా యాభై ఏళ్లలో 80,000కు పైగా పులులు, 1,50,000కు పైగా చిరుతలు చంపారని చరిత్రకారుడు మహేశ్ రంగరాజన్ లెక్క. వాటిలో ఎన్ని ఇంగ్లండు బంగళాల నేల మీద పరుచుకున్నాయో, ఎన్ని అటకల మీద బూజు పట్టాయో. అలాంటి తోలు ఒకదాని పుర్రెను ఎవడో ఆకతాయి నదిలో పడేసి చిరుతను పుట్టించి ఉంటాడు.

ఉన్న చిరుత దాగదు, అదే నా అనుభవం. 2023 ఆగస్టులో తిరుమల నడకదారిలో చిరుత ఒక బాలికను చంపాక ట్రాప్ కెమెరాలు పెడితే రోజుల్లోనే చిరుతలు కనబడ్డాయి, కొన్ని వారాల్లోనే ఒకదాని వెంట ఒకటి బోనులో పడ్డాయి. 2020లో హైదరాబాద్ శివారు కాటేదాన్ రోడ్డు మీద పట్టపగలు చిరుత పడుకుంటే నగరమంతా ఫోన్లలో చూసింది. చిరుత వారానికి ఒక జంతువునైనా చంపాలి, పెంట వెయ్యాలి, చెట్టు గీరాలి, ఎప్పుడో లారీ కింద పడాలి. బ్రిటన్‌లో బళ్ల కింద పడి చచ్చే నక్కలకు, బ్యాడ్జర్లకు లెక్క లేదు. ఇన్ని దశాబ్దాల్లో చిరుత ఒక్కటీ రోడ్డు పక్కన దొరకలేదంటే అక్కడ తరతరాలుగా పిల్లలు పెట్టే చిరుతల సంతతి లేదు. అందులో నాకు సందేహం లేదు.

అలాగని ఆ రైతును కాదనను. బోనులో పెరిగిన చిరుత ఇరవై ఏళ్లు బతకగలదు. 1976 తర్వాత ఎవరో వదిలిన నల్ల చిరుత 1980లలో ఆ గోడ దిగి వెళ్లడం సాధ్యమే. ఆయన చూసినది, 1995లో కర్రతో కొలిచినది ఒకటే కావాలని ఎక్కడుంది? ఒకే పేరు కింద వేర్వేరు జంతువుల్ని కలిపేసి, అన్నీ నిజమనో అన్నీ అబద్ధమనో తేల్చేస్తారు. పంచనామా అలా రాయరు. ఒక్కో కళేబరానికి ఒక్కో కాగితం.

2024లో కొత్త కాగితం ఒకటి చేరింది. కంబ్రియా కొండల్లో చచ్చిపడిన గొర్రె గాయాల నుంచి తీసిన నమూనాలను వార్విక్ విశ్వవిద్యాలయంలో రాబిన్ అలబీ పరీక్షించాడు. నక్క డీఎన్ఏతో పాటు సింహం, పులి, చిరుత ఉండే పాంథెరా ప్రజాతి డీఎన్ఏ కూడా కనబడింది. అందులో ఏ జంతువో తేలలేదు. నేను ఆ డ్యూటీలో ఉంటే ఆ గొర్రె దగ్గర కెమెరాలు పెట్టించి, అదే రోజు చుట్టుపక్కల కౌన్సిళ్లలో లైసెన్సు పుస్తకాలు తెప్పించుకునేవాణ్ణి. ఏ బోను ఖాళీగా ఉందో, ఏ చిరుత చావు నమోదైందో, ఏది నమోదు కాలేదో మొదట చూస్తాను. ఆ తర్వాతే బీట్లోకి వెళ్తాను.