ఐటీ గడ్డ మీద భూకంపాల చదువు

శంషాబాద్ విమానాశ్రయం, దాన్ని గచ్చిబౌలికి కలిపే ఔటర్ రింగ్ రోడ్డు ముక్క రెండూ 2008లోనే తెరుచుకున్నాయి. ఆ తర్వాత ఈ వైపు అపార్ట్‌మెంట్లు పుట్టగొడుగుల్లా లేచాయి. చాలావాటికి అడుగున గోడలుండవు. కార్ల కోసం వదిలిన జాగాలో పిల్లర్లే ఉంటాయి.

అలాంటి పిల్లర్లు కుదుపుకు ఏమవుతాయో లెక్కగట్టే కేంద్రం గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలోనే ఉంది. 1998లో మొదలై రజతోత్సవం దాటిన ఈ సంస్థ పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది కంప్యూటర్లే. భూకంప ఇంజినీరింగ్ పరిశోధన కేంద్రం ఊసెత్తేవారు తక్కువ.

దాన్ని నిలబెట్టినవారిలో ముఖ్యులు ఆచార్య రామంచర్ల ప్రదీప్ కుమార్. టోక్యో విశ్వవిద్యాలయంలో కిమిరో మెగురో దగ్గర పరిశోధన చేసి వచ్చారు. అక్కడ రూపుదిద్దుకున్నదే అప్లైడ్ ఎలిమెంట్ మెథడ్. ఇందులో కట్టడాన్ని చిన్న దిమ్మెలుగా విడగొట్టి, వాటి మధ్య స్ప్రింగులున్నట్టు ఊహిస్తారు. ఏ స్ప్రింగు ముందు తెగింది, దాని బరువు ఎవరి మీద పడింది అని చూసుకుంటూ, తొలి పగులు నుంచి పూర్తిగా కూలేదాకా లెక్క సాగుతుంది. భూమి లోపలి భ్రంశం పైనున్న మట్టిపొరలను ఎలా చీల్చుకొస్తుందో తెలుసుకోవడానికీ ప్రదీప్ కుమార్ దీన్నే వాడారు.

ఇక్కడి ఎంటెక్ పేరు కంప్యూటర్ ఎయిడెడ్ స్ట్రక్చరల్ ఇంజినీరింగ్. సివిల్ చదివి వచ్చినవారికి ఇక్కడ కోడ్‌తో కుస్తీ తప్పదు మరి!

హైదరాబాద్‌కు భూకంపమేమిటి, కింద అంతా నల్లరాయి కదా అంటారు. కానీ 1969లో భద్రాచలం కంపించింది. 2024 డిసెంబర్ 4న ములుగులో 5.3 తీవ్రతతో భూమి కదిలితే నగరంలోనూ తెలిసింది. 2001 భుజ్ భూకంపంలో 200 కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహ్మదాబాద్‌లోనూ పిల్లర్ల మీద లేచిన అపార్ట్‌మెంట్లు కూలాయి.

నిలిచే పిల్లర్‌కూ కూలే పిల్లర్‌కూ చాలాసార్లు తేడా రింగు దగ్గరే వస్తుంది. పిల్లర్ కడ్డీల చుట్టూ చుట్టే రింగు కొసను 90 డిగ్రీలకే వంచితే, పైపూత కాంక్రీటు రాలగానే అది విచ్చుకుంటుంది. 135 డిగ్రీలకు వంచి లోపలికి దిగేస్తే పట్టు వదలదు. రాడ్ బెండర్‌కు అదనంగా పట్టేది కాసింత ఇనుము, ఇంకో వంపు.

ప్రదీప్ కుమార్ తర్వాత రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థకు డైరెక్టర్‌గా వెళ్లారు. 2024 శ్రీరామనవమినాడు అయోధ్య బాలరాముడి నుదుట సూర్యతిలకం దిద్దిన అద్దాల ఏర్పాటు ఆ సంస్థదే. పత్రికలకు అదే ఎక్కువ నచ్చింది. అంతకుముందు 2023 జనవరిలో, నేల కుంగుతున్న జోషీమఠ్‌లో ఒకదాని మీదికి ఒకటి ఒరిగిన హోటళ్లను పేలుడు పదార్థాలు వాడకుండా విప్పించే బాధ్యత కూడా ఆ సంస్థ మీదే పడింది.