పొయ్యిల బూడిద నుంచి పుట్టిన లోహాలు



ఉప్పల్, నాచారం దిక్కు ఉండి చదువుకునే మనకు కంపెనీ బోర్డులు కొత్త కాదు. ఉప్పల్ ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక కంపెనీ పేరే ఆల్కలీ మెటల్స్ లిమిటెడ్. 1968లో మొదలైంది. సోడియంతో తయారయ్యే రసాయనాలు అక్కడి ముఖ్యమైన సరుకు. ఆ పేరు పీరియాడిక్ టేబుల్‌లోని మొదటి నిలువు వరుసది, అంటే క్షార లోహాలది. ఇంటర్‌ల ఈ పాఠం వచ్చేసరికి "కెమిస్ట్రీ మనోళ్లకు రాదు" అనేటోళ్లు మనలో ఎక్కువ. దాని చరిత్ర మాత్రం మన పొయ్యి కాడనే మొదలైతది.

ఆల్కలీ అనేది అరబ్బీ నుంచి వచ్చిన మాట. మొక్కలు కాల్చిన బూడిద అని అర్థం. మన అవ్వలు గిన్నెలు తోమే కట్టెల బూడిదలో పొటాషియం కార్బొనేట్ ఉంటది. యూరప్‌లో బూడిద నీళ్లను కుండల్లో మరగబెట్టి దాన్ని తీసేటోళ్లు. ఇంగ్లీషులో పాట్ అంటే కుండ, యాష్ అంటే బూడిద. పొటాష్ పేరు అట్ల పుట్టింది. పొటాషియం గుర్తు 'కె' కూడా ఆ అరబ్బీ మాట నుంచి వచ్చిన 'కాలియం'దే.

1807లో లండన్‌లో హంఫ్రీ డేవీ కాస్టిక్ పొటాష్‌లోకి బ్యాటరీ కరెంటు పంపి పొటాషియంను, కొద్ది రోజులకే సోడియంను వేరు చేసిండు. ఆయన చెక్క మీద బొమ్మలు చెక్కే పనివాని కొడుకు. యూనివర్సిటీలో చదువలే. తర్వాత 1817లో లిథియం, 1860లో సీజియం, 1861లో రుబీడియం దొరికినయి.

ఈ లోహాల గుణాలు బట్టీ పట్టనక్కర లేదు. అన్నిటికీ బయటి కక్ష్యలో ఒక్కటే ఎలక్ట్రాన్. కిందికి పోతుంటే పరమాణువు పెద్దదైతది, పరమాణువుల మధ్య పట్టు సడలుతది. అందుకే లోహం మెత్తబడుతది, కరిగే వేడి తగ్గుతది: లిథియం 180, సోడియం 98, పొటాషియం 63, రుబీడియం 39, సీజియం 28 డిగ్రీలు. మే నెలలో మన రేకుల గదిలో పెడితే సీజియం సీసాలోనే నీళ్లలెక్క అయితది. సాంద్రత మాత్రం కిందికి పోతుంటే పెరుగుతది. ఒక్క పొటాషియం (0.86) సోడియం (0.97) కన్నా తేలిక. ఇది గుర్తు పెట్టుకోండి.

వరుసలో చివరిది ఫ్రాన్షియం. 22 నిమిషాల్లో సగం మాయమైతది. 1939లో దాన్ని కనిపెట్టింది మార్గరీట్ పెరే. చిన్నప్పుడే తండ్రి పోయిండు, ఇంట్ల పైసల్లేవు. 19 ఏండ్లకు పారిస్‌లో మేరీ క్యూరీ దగ్గర ల్యాబ్ సహాయకురాలిగా చేరింది. ఫ్రాన్షియం దొరికిననాటికి ఆమెకు డిగ్రీ లేదు. డాక్టరేట్ 1946లో వచ్చింది. 1962లో ఫ్రెంచ్ సైన్స్ అకాడమీ ఆమెను కరస్పాండెంట్ సభ్యురాలిగా ఎన్నుకుంది. అట్ల ఎన్నికైన మొదటి మహిళ ఆమెనే. మేరీ క్యూరీకే ఆ అకాడమీ చోటు ఇయ్యలే.

సైన్స్ గ్రూప్ ఇడిసిపెడుదామని ఆలోచిస్తున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ముందుగాల ఈ ఒక్క వరుస మాతో కలిసి చదవండి. అర్థం కాని కాడ ఇక్కడనే అడగండి, తెలిసినోళ్లం చెప్తం.