కావలి లక్ష్మయ్య అడిగిన పని

కైఫియతులు అనగానే మనకు కర్నల్ కాలిన్ మెకంజీ పేరు గుర్తుకు వస్తుంది. ఊరూరా తిరిగి వాటిని రాసి తెచ్చినవారి పేర్లు అంత త్వరగా తట్టవు. చెన్నైలో తెలుగు చదువుకునే విద్యార్థులకు ఆ పేర్లలో ఒకదాన్నయినా పరిచయం చేయాలని మా ఉద్దేశం.

ఏలూరికి చెందిన కావలి సోదరులలో బొర్రయ్య 1796 ప్రాంతంలో మెకంజీ దగ్గర కొలువులో చేరి, ముప్పై ఏళ్లు నిండకుండానే 1803లో కన్నుమూశాడు. భారతీయ విద్యల వాకిట్లోకి తనను తొలుత నడిపించినవాడు అతడేనని మెకంజీ 1817 నాటి లేఖలో ఒప్పుకున్నాడు. బొర్రయ్య తరువాత ఆ భారం తమ్ముడు లక్ష్మయ్య మీద పడింది.

అది తేలిక పని కాదు. కుంపిణీ పాలన కొత్తగా స్థిరపడుతున్న రోజులవి. ఊరి పుట్టుపూర్వోత్తరాలు, దానపత్రాలు, దండకవిలెలు చూపమంటే కరణాలకూ అర్చకులకూ ముందు తట్టేది పన్ను. మాన్యాలు ఊడగొట్టడానికే ఈ ఆరా అని వారి అనుమానం. (ఆ భయం అకారణమని మేము అనుకోము.) నారాయణరావు, ఆనందరావు వంటివారు వారికి నచ్చజెప్పి, కాచుకుని కూర్చుని, నకళ్లు రాసుకునేవారు. ఆ రాతలో కరణాల వాడుక తెలుగు, పారసీ రెవెన్యూ మాటలు కలగలిసి ఉంటాయి. ఆనాటి వచన భాషకు ఇంతకన్న మంచి సాక్ష్యం అరుదు.

1821లో మెకంజీ మరణించడంతో లక్ష్మయ్యకు ఆశ్రయం పోయింది, పని సగంలో ఆగింది. అతడు మద్రాసుకు తిరిగివచ్చాడు. 1833లో మద్రాస్ హిందూ లిటరరీ సొసైటీని నెలకొల్పాడు. సేకరణను తానే కొనసాగిస్తానని ప్రభుత్వానికి విన్నవించుకున్నాడు. విషయం కలకత్తా ఏషియాటిక్ సొసైటీ ముందుకు వెళ్లింది. ఇంత విస్తృతమైన పనికి సాక్ష్యాల విలువ తూచి, వాటినుంచి సామాన్య సూత్రాలు తీయగల పెద్ద బుర్ర కావాలనీ, అది లక్ష్మయ్యకు లేదనీ 1836లో జేమ్స్ ప్రిన్సెప్ నివేదిక తేల్చింది. ఏళ్ల తరబడి ఆ సాక్ష్యాలనే ఏరి, వర్గీకరించి, వివరించినవాణ్ణి గురించి ఈ మాట!

లక్ష్మయ్య కోరినది పని. మెకంజీ పోయిన పదిహేనేళ్లకు కూడా దాన్నే కోరడం చూస్తే, అది అతనికి కేవలం జీతం రాళ్ల వ్యవహారం కాదని మాకు తోస్తుంది. తమ్ముడు రామస్వామి కూడా ఊరుకోలేదు. దక్కను కవుల జీవితాలను ఇంగ్లీషులో రాసి 1829లో కలకత్తాలో అచ్చు వేయించాడు.

ప్రభుత్వం చివరకు విలియం టేలర్ అనే మతబోధకుణ్ణి నియమించింది. అతనికి అప్పగించినది అప్పటికే చేరిన ప్రతుల పరిశీలన. గుమాస్తాలను మళ్లీ ఊళ్లకు పంపే పని అందులో లేదు.