విన్సన్ శిఖరం పటంలోకి వచ్చిన తీరు

పశ్చిమ అంటార్కిటికాలో దాదాపు 350 కిలోమీటర్ల పొడవున సాగే ఎల్స్‌వర్త్ పర్వతాల ఉత్తర భాగాన్ని సెంటినెల్ శ్రేణి అంటారు. ఆ ఖండంలో అన్నిటికన్నా ఎత్తైన విన్సన్ శిఖరం ఈ శ్రేణిలోనే ఉంది. ఎవరెస్టుకు ఆ పేరు రావడానికి ఎంతో కాలం ముందునుంచే టిబెటన్లు దానిని చోమోలుంగ్మా అని పిలుచుకునేవారు. సెంటినెల్ శ్రేణికి అటువంటి పాత పేరేదీ లేదు. మనుషులెన్నడూ కాపురముండని చోటు కావడంతో, అక్కడి ప్రతి కొండ పేరుకూ అది పుట్టిన కాలమూ, పెట్టినవారి ఉద్దేశమూ లిఖితంగా దొరుకుతాయి. ఆ పేర్లను వరుసగా చదివితే ఆ పటం ఎవరి శ్రమతో, ఎవరి ధనంతో తయారైందో తెలుస్తుంది.

1935 నవంబరు 23న అమెరికన్ అన్వేషకుడు లింకన్ ఎల్స్‌వర్త్, పైలట్ హెర్బర్ట్ హాలిక్-కెన్యన్‌తో కలిసి డండీ ద్వీపం నుంచి ‘పోలార్ స్టార్’ అనే చిన్న విమానంలో బయలుదేరి, ఖండాన్ని అడ్డంగా దాటే ప్రయాణంలో ఈ పర్వతాలను మొదటిసారి చూశాడు. తెల్లని విస్తీర్ణంలో కొండగుర్తుగా నిలిచి కనిపించినందున వాటికి కావలివాడు అనే అర్థం గల పేరు పెట్టి, ఒక శిఖరానికి తన భార్య మేరీ లూయీజ్ ఉల్మర్ పేరునిచ్చాడు. అయితే ఆయన చూసింది శ్రేణిలో కొంత భాగమే. దక్షిణాన ఉన్న అత్యున్నత శిఖరం మరో ఇరవై రెండేళ్లపాటు ఎవరి కంటా పడలేదు.

ఆ కొరత తీరడానికి అంతర్జాతీయ భూభౌతిక సంవత్సరం రావలసి వచ్చింది. 1957 జూలై నుంచి 1958 డిసెంబరు వరకు అనేక దేశాల శాస్త్రవేత్తలు కలిసి భూమిని పరిశీలించిన ఈ కార్యక్రమంలో భాగంగా, చార్లెస్ బెంట్లీ నాయకత్వంలో ఒక చిన్న బృందం బర్డ్ స్టేషన్ నుంచి గొలుసు చక్రాల బండ్లలో మంచు మీద వందల కిలోమీటర్లు ప్రయాణించింది. వారు వెళ్లింది కొండల కోసం కాదు. మంచులో మందుగుండు పేల్చి, ఆ ప్రకంపన అడుగునున్న రాతిని తాకి తిరిగి రావడానికి పట్టే కాలాన్నిబట్టి మంచు మందాన్ని లెక్కకట్టడం వారి పని. ఆ దారిలోనే సెంటినెల్ శ్రేణిని దగ్గరగా చూశారు. నేడు పటంలో కనిపించే బెంట్లీ, ఆండర్సన్, ఆస్టెన్సో శిఖరాలూ, లాంగ్ సోదరుల పేరు మోసే లాంగ్ గేబుల్స్ జంట శిఖరాలూ ఆ బృందం జ్ఞాపకాలే. 1958 జనవరిలో అమెరికా నౌకాదళ విమానం నుంచి అత్యున్నత శిఖరం కూడా కనిపించింది.

చూడడం ఒకటి, కొలవడం మరొకటి. విమానం నుంచి తీసిన ఛాయాచిత్రాలను పటంగా మార్చాలంటే నేల మీద కొన్ని బిందువుల అక్షాంశ రేఖాంశాలు ముందే తెలిసి ఉండాలి. ధ్రువప్రాంతపు వేసవిలో చీకటి పడదు, చుక్కలు కనిపించవు, అందువల్ల సర్వేయర్లు థియోడొలైట్ అనే కోణమాపకంతో సూర్యుణ్ణి చూసి ఆ స్థానాలను లెక్కకట్టేవారు. తాము నిలబడిన మంచు ఎత్తును గాలి పీడనాన్నిబట్టి అంచనా వేసేవారు కనుక, అక్కడ జరిగిన చిన్న పొరపాటు కూడా శిఖరం ఎత్తులోకి పాకేది. తొలి పటాలలో 5,140 మీటర్లుగా నమోదైన విన్సన్, 1979-80 సర్వేలో 4,897కూ, 2004లో శిఖరాగ్రాన జీపీఎస్ పరికరం ఉంచి కొలిచినప్పుడు 4,892కూ దిగింది. దాదాపు 250 మీటర్ల ఈ తేడాను అసమర్థతగా భావించడం అన్యాయం. అంత చలిలో, అన్ని పరిమితుల నడుమ ఆ మాత్రం దగ్గరకు చేరడమే గౌరవించదగిన సాధన.

శిఖరానికి పేరు మాత్రం మంచు మీది మనిషిది కాదు. అంటార్కిటిక్ పరిశోధనలకు నిధులు మంజూరు కావడానికి అమెరికా కాంగ్రెసులో గట్టిగా నిలబడిన జార్జియా ప్రతినిధి కార్ల్ విన్సన్ పేరును అమెరికా నామకరణ సలహా సంఘం ఖాయం చేసింది. 1959లో సంతకాలు జరిగిన అంటార్కిటిక్ ఒప్పందం అక్కడి భూభాగాలపై దేశాల హక్కు వాదాలను స్తంభింపజేసినందున, అందరూ కట్టుబడవలసిన నామకరణ అధికారం ఏ దేశానికీ లేదు. బల్గేరియా వంటి దేశాలు కూడా ఈ శ్రేణిలోని గుట్టలకూ హిమానీనదాలకూ పేర్లు పెట్టాయి. ఒకే కొండకు రెండు మూడు పేర్లుంటే అన్నిటినీ పక్కపక్కనే చేర్చే ఉమ్మడి నామసూచిక ఒకటి ఉంది. ఏ పేరునూ కొట్టివేయని ఆ పద్ధతి చరిత్రకారునికి గొప్ప మేలు చేసింది.

1966 డిసెంబరు 18న నికొలస్ క్లించ్ బృందంలోని బ్యారీ కార్బెట్, జాన్ ఎవాన్స్, బిల్ లాంగ్, పీట్ షోనింగ్ విన్సన్ మీద తొలిసారి కాలుమోపారు. నెల్లూరు జిల్లాకు చెందిన పర్వతారోహకుడు మల్లి మస్తాన్ బాబు అక్కడికి చేరుకున్నది 2006 జనవరిలో. విన్సన్ గిరిసమూహంలోని ఉపశిఖరాలకు క్లించ్, కార్బెట్, షోనింగ్‌ల పేర్లు వచ్చింది కూడా ఆ ఏడాదే. బిల్ లాంగ్ పేరు అప్పటికే పటంలో ఉంది. బెంట్లీతో కలిసి మంచు మందం కొలవడానికి వెళ్లిన లాంగ్ సోదరులలో ఒకరు ఆయనే.