క్యాజువాల్టీలో చాప, మంచం, చక్రాల బల్ల

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు అడిగినప్పుడు సర్వీసు విశేషాలు రాద్దామనుకున్నాను. తెనాలి, బాపట్ల, రేపల్లెల్లో స్టాఫ్ నర్సుగా పనిచేసి 2013లో రిటైరయ్యాను. అప్పుడు మూడు ఊళ్ళూ గుంటూరు జిల్లావే. 2022లో బాపట్ల జిల్లా అయింది, రేపల్లె అందులోకి వెళ్ళింది. అయితే రాయబోయేది ఊళ్ళ సంగతి కాదు. బాగుపడదామని ఆస్పత్రికొచ్చిన మనిషి అక్కడే పడిపోవడం గురించి.

1977 నవంబరు 19న ఉప్పెన వచ్చేనాటికి నేను ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. తీరగ్రామాల నుంచి వచ్చిన క్షతగాత్రులను బడి వరండాల్లో చాపల మీద పడుకోబెట్టాము. మంచం మీంచి పడ్డవారు ఒక్కరూ లేరు. మంచం ఉంటేగా!

తరువాత ఎత్తు పెరుగుతూ వచ్చింది. ఇనప మంచాలు, ఆపైన చక్రాల స్ట్రెచర్లు. 2005 ఆగస్టు 15న 108 మొదలయ్యాక అత్యవసర కేసులు త్వరగా చేరసాగాయి. అంబులెన్సులో బెల్టు బిగించి తెస్తారు. లోపల బల్ల మీదికి మార్చాక ఆ బెల్టు ఉండదు. పక్కన కమ్మీలు పెడితే చాలనుకునేవాళ్ళం. మతి స్థిమితం లేని రోగి కమ్మీ ఎక్కి దూకుతాడు, ఇంకా ఎత్తునుంచి పడతాడు.

1980లలో కెనడాలో జానిస్ మోర్స్ అనే నర్సు పరిశోధకురాలు, ఎవరు పడే ప్రమాదముందో మార్కులు వేసి చెప్పే పద్ధతి తయారుచేశారు. ఇదివరకు పడ్డాడా, నడక ఎలా ఉంది, సెలైన్ ఎక్కుతోందా, ఇలా ఆరు ప్రశ్నలు. వార్డుకు బాగానే ఉంటుంది. క్యాజువాల్టీలో రోగి పూర్వాపరాలు ఎవరికి తెలుసు?

నేను చేరిన కొత్తలో తెనాలిలో ఒక హెడ్ నర్సుగారికి ఏ కాగితమూ లేదు. డ్యూటీకి రాగానే ముసలివారి దగ్గరికెళ్ళి, వాళ్ళు నోరు తెరవకముందే "పెద్దయ్యా, ఒంటికెళ్ళాలా?" అని అడిగేవారు. మాకు నవ్వొచ్చేది. పడేవారిలో చాలామంది లేచేది అందుకేనని తరువాత అర్థమైంది. నీరు పోయే మాత్ర, ఎక్కుతున్న సెలైన్ తొందరపెడతాయి. బి.పి. మాత్రలు వేసుకునేవారు పడుకుని ఒక్కసారిగా నిలబడితే రక్తం కాళ్ళలోకి దిగి కళ్ళు తిరుగుతాయి. ఇప్పుడు విదేశీ ఆస్పత్రుల్లో గంటకోసారి నర్సులు తిరిగి అడిగే ప్రశ్నల్లో ఆవిడ ప్రశ్న ఒకటి.

ఇంత తెలిసిన నేను 2016లో ఒక రాత్రి మావారిని గుండెమంటకని వేరే ఊళ్ళో ఆస్పత్రికి తీసుకెళ్ళాను. ఫైలు కోసం కౌంటరు దగ్గరికెళ్ళాను. పది నిముషాలు కూడా కాలేదు. చిన్నపిల్ల, ఆమెనేం అడుగుతాంలెమ్మని ఆయన తనే దిగబోయారు. స్ట్రెచర్ చక్రానికి బ్రేకు వేసిలేదు, పక్కకు జరిగింది. గుండె బాగానే ఉంది, తుంటి ఎముక విరిగింది. ఆ బ్రేకు వేయాల్సింది ఎవరైనా కావచ్చు. నేను చూడలేదు. ముప్పై ఏడేళ్ళు నా పాదం అలవాటుగా వెతికిన బ్రేకు అది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కన పడిపోవడం వల్ల ఏటా 6,84,000 మంది చనిపోతున్నారు, అందులో ఎక్కువమంది అరవై దాటినవారే. మావారు కర్రతో నడుస్తున్నారు. ఇప్పుడు ఆస్పత్రికెళితే ముందు వంగి చక్రాలు చూస్తాను. అక్కడి పిల్లలు నా చెప్పు తెగిందనుకుంటారు.